పాలసైకిలు వెనక పరుగు

పరుగెత్తటం ఎవరూ ఎవరికీ నేర్పనక్కర్లేదు. నడక వచ్చిన నాలుగు రోజులకే పిల్లలు పరుగు మొదలుపెడతారు. అమ్మలు గిన్నె పట్టుకుని వాళ్ల వెనక పరుగెత్తుతారు. కాని పందెంలో పరుగెత్తటం వేరు. అది ఈల ఊదిన తరవాత చేసే పని కాదు, ఈల ఊదటానికి ఎన్నో నెలల ముందు నుంచీ చేసే పని. ఈ సంగతి నేను పుస్తకాలు చదివి తెలుసుకోలేదు. మా నాయన పాలసైకిలు వెనక పరుగెత్తగా పరుగెత్తగా తెలిసింది.

మాది కడప సీమలో రాజంపేట. చెన్నై నుంచి ముంబయికి పోయే రైలుదారి మీద ఉన్న ఊరు. అన్నమాచార్యులు పుట్టిన తాళ్లపాక మాకు దగ్గర. రెండు వైపులా కొండలు, మధ్యన చెయ్యేరు. ఏరు అనే మాటే గాని, అందులో ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కనిపిస్తుంది. ఎండాకాలంలో మా సీమలో ఎండ నలభై డిగ్రీలు దాటటం ఎవరికీ వింత కాదు. కాబట్టి మా ఊళ్లో పరుగెత్తదలచినవాళ్లు సూర్యుడికంటె ముందు నిద్ర లేవాలి.

1984లో నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. ఆ ఆగస్టు నెలలో అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో ఒలింపిక్ పోటీలు జరిగినవి. 400 మీటర్ల హర్డిల్సు పందెంలో, అంటే దారికి అడ్డంగా పెట్టిన పది కంచెలను దూకుతూ పరుగెత్తే పందెంలో, కేరళ అమ్మాయి పి. టి. ఉష నాలుగోది అయింది. మూడోదానికి పట్టిన కాలం 55.41 సెకండ్లు, ఉషకు 55.42 సెకండ్లు. సెకండులో నూరోవంతు తేడా! కంటిరెప్ప ఒక్కసారి వాల్చి ఎత్తటానికి అంతకు పదిరెట్లయినా పడుతుంది. ఈ వార్త రేడియోలో విని మా బడిలో పిల్లలందరం రెండు రోజులపాటు రెప్పలు ఆడించి చూసుకున్నాం.

ఉష తన ఊరు పయ్యోలి దగ్గర సముద్రపు ఒడ్డున ఇసుకలో పరుగెత్తి సాధన చేసేదని తరవాత పేపర్లో చదివాను. మాకు సముద్రం లేదు గాని, ఇసుకకు మాత్రం కొదవ లేదు గదా అనుకున్నాను.

ఆ సంవత్సరమే అక్టోబరులో మా చుట్టుపక్కల బడులన్నిటికీ కలిపి ఆటలపోటీలు పెట్టారు. నేను 800 మీటర్ల పందెంలో చేరాను. సగం దూరం దాకా నా కాళ్లు నా మాట విన్నవి. ఆ తరవాత వినలేదు. తొడలు బండరాళ్లయినవి, గొంతు ఎండిపోయింది, పక్కటెముకల కింద ఎవరో పిడికిలితో పట్టి మెలిపెట్టినట్టయింది. ఆరుగురిలో అయిదోదాన్ని అయినాను. పట్టిన కాలం 3 నిమిషాల 20 సెకండ్లు. ఆరో పిల్లకు ఆనాడు జ్వరమట!

మా డ్రిల్లు సారు నా దగ్గరికి వచ్చి, "నీ కాళ్లలో వేగం ఉంది. ఊపిరే లేదు. ఊపిరి అంగట్లో అమ్మరు. రోజూ పొద్దున పరుగెత్తు," అన్నాడు.

"ఎంత జోరుగా పరుగెత్తమంటారు సార్?" అని అడిగాను.

"పక్కవాళ్లతో మాట్లాడుతూ పరుగెత్తగలిగినంత జోరుగా. మాట తెగిపోతున్నదంటే జోరు ఎక్కువైనట్టు. నెమ్మది చెయ్యి," అన్నాడాయన.

ఇది నాకు చాలా విడ్డూరంగా తోచింది. పందెంలో జోరుగా పోవాలంటే రోజూ నెమ్మదిగా పరుగెత్తటమేమిటి? గట్టిగా చదవాలంటే రోజూ ఆవులించమన్నట్టుగా ఉంది! కాని ఆయన చెప్పినదాంట్లో చాలా నిజమున్నది. అది ఎట్లాగో చెబుతాను.

మన కండరాలలో రెండు రకాల మంటలున్నవనుకోండి. ఒకటి ఎండుగడ్డి మంట. భగ్గున లేస్తుంది, అంతలోనే చల్లారుతుంది. దీనికి అప్పటికప్పుడు గాలి అందనక్కర్లేదు. వంద మీటర్ల పందేనికి ఎక్కువగా ఇదే పనికివస్తుంది. రెండోది తుమ్మకట్టె నిప్పు. నిదానంగా అంటుకుంటుంది, కాని గాలి తగులుతున్నంతసేపూ కణకణలాడుతూనే ఉంటుంది. ఈ రెండో నిప్పుకు గాలిలోని ఆక్సిజను కావాలి. ఆక్సిజనును ఊపిరితిత్తులు రక్తానికి ఇస్తవి. రక్తాన్ని గుండె కండరాలకు తోస్తుంది. కండరాల కణాలలో మైటోకాండ్రియా అనే అతి చిన్న పొయ్యిలు ఆ ఆక్సిజనుతో మనం తిన్న తిండిని మండించి శక్తి పుట్టిస్తవి. 800 మీటర్లు పరుగెత్తేటప్పుడు కావలసిన శక్తిలో సగానికి పైగా ఈ రెండో నిప్పు నుంచే వస్తుంది. నాకు సగం దూరంలో కాళ్లు రాయి అయినవంటే గడ్డిమంట ఆరిపోయిందన్నమాట, కట్టెనిప్పు ఇంకా చాలినంత రాజుకోలేదన్నమాట.

రోజూ నిదానంగా, ఎక్కువసేపు పరుగెత్తేవాళ్లకు కొన్ని వారాలలో ఒంట్లో మార్పులు వస్తవి. ఒంట్లో రక్తం కొంచెం పెరుగుతుంది. గుండె ఒక్కొక్క దెబ్బకు తోసే రక్తం ఎక్కువవుతుంది. కండరాలలో వెంట్రుకకన్న సన్నని రక్తనాళాలు కొత్తగా మొలకెత్తుతవి. మైటోకాండ్రియా సంఖ్య కూడా పెరుగుతుంది. పొయ్యిలూ పెరిగినవి, పొయ్యిలకు గాలి తెచ్చే దారులూ పెరిగినవి. ఇవేవీ ఒక్కరోజులో రావు, ఒక్కరోజులో పోవు.

కాళ్లు బరువెక్కటానికి లాక్టిక్ ఆమ్లమనే విషం పేరుకోవటమే కారణమని చాలా కాలం పుస్తకాలలో రాశారు. మేమూ అట్లాగే చదువుకున్నాం. ఆ మాట నిజం కాదని తరవాత తేలింది. కండరాలలో పుట్టే లాక్టేటును గుండే, ఇతర కండరాలూ ఇంధనంగా వాడుకుంటవి. అలసటకు కారణాలు అనేకం, వాటిని శాస్త్రజ్ఞులు ఈనాటికీ శోధిస్తూనే ఉన్నారు.

"నెమ్మదిగా ఎక్కువసేపు" అనే పద్ధతిని లోకానికి బాగా చాటినవాడు ఆర్థర్ లిడియార్డ్. ఆయన న్యూజీలండు దేశస్థుడు. చెప్పుల ఫ్యాక్టరీలో పని చేశాడు, కొంతకాలం ఇంటింటికీ పాలు కూడా పోశాడు. ఏ విధంగా పరుగెత్తితే మేలో ఆయన ముందు తన ఒంటిమీదనే పరీక్షించి చూసుకుని, ఆ తరవాత తన చుట్టుపక్కల కుర్రవాళ్లకు నేర్పాడు. 1960లో రోము నగరంలో జరిగిన ఒలింపిక్ పోటీలలో, సెప్టెంబరు 2వ తేదీన, ఆయన శిష్యులు ఇద్దరు బంగారు పతకాలు గెలిచారు. పీటర్ స్నెల్ 800 మీటర్లలో, మరే హాల్బర్గ్ 5,000 మీటర్లలో. 800 మీటర్లు పరుగెత్తే స్నెల్ చేత కూడా లిడియార్డ్ వారానికి నూరు మైళ్లు పరుగెత్తించాడు! రెండు నిమిషాలైనా పట్టని పందెంకోసం అన్ని మైళ్లు ఎందుకని ఆనాడు చాలామంది నవ్వారు. సెప్టెంబరు 2 తరవాత నవ్వటం మానేశారు. అయితే వాళ్లు పెద్దవాళ్లు. నూరు మైళ్లు మీకోసం రాసినవి కావు, సరేనా?

డ్రిల్లు సారు చెప్పింది ఇంట్లో చెప్పగానే మా అవ్వ ఒప్పుకోలేదు.

"ఎందుకు ఉరకాల పాపా? పులేమన్నా తరుముతాందా?" అన్నది. "ఆడపిల్ల తెల్లారకముందే రోడ్డు మీద ఉరికితే ఊరోళ్లు ఏమనుకుంటారు?"

అమ్మ ఏమీ అనలేదు. అమ్మ ఏమీ అనలేదంటే అవ్వ మాటే ఆమె మాట అని మాకు తెలుసు. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. చీకట్లో మా నాయన గొంతు వినపడింది.

"పాలసైకిలెనక ఉరికితే ఎవరేమంటారు? నాయనకు తోడొచ్చిందంటారు," అన్నాడు.

మాకు రెండు బర్రెలుండేవి. మా ఇల్లు ఊరి అంచున. నాయన తెల్లవారుజామున పాలు పితికి, సైకిలుకు రెండు వైపులా రెండు క్యాన్లు తగిలించి, ఊళ్లో పదకొండు ఇళ్లకు పోసి వచ్చేవాడు. పోనూ రానూ నాలుగు కిలోమీటర్లకు పైగా ఉంటుంది. మర్నాటి నుంచి నేను ఆ సైకిలు వెనక బయలుదేరాను. కాళ్లకు బూట్లు లేవు. ఆ రోములోనే, 1960లోనే, ఇథియోపియా వీరుడు అబెబె బికిలా ఉత్తకాళ్లతో మారథాను గెలిచాడని మా సారు ధైర్యం చెప్పాడు. మారథాను అంటే 42 కిలోమీటర్ల చిల్లర. రోము రోడ్లమీద పల్లేరుకాయలున్నవో లేవో ఆయన చెప్పలేదు. మా రోడ్డుమీద మాత్రం ఉండేవి. తుమ్మముళ్లు సరేసరి. రోజూ ఇంటికి రాగానే పిన్నీసు పుచ్చుకుని అరుగుమీద కూర్చోవటం నాకు పరుగులో ఒక భాగమయింది.

మాట్లాడగలిగినంత జోరు అని సారు చెప్పాడు గదా, దానికి మా నాయన ఒక ఉపాయం కనిపెట్టాడు. ఆయన చదువుకున్నది మూడో తరగతి. పాలలెక్కలు నోటితోనే చూసుకునేవాడు. సైకిలు తొక్కుతూ వెనక్కు తిరగకుండానే అడిగేవాడు:

"స్టేషను కాడి ఇంటికి దినానికి ముక్కాలు లీటరు. లీటరు మూడున్నర. ఇరవై ఎనిమిది దినాలకు ఎంత?"

"ఇరవై... ఒక్క... లీటర్లు..." అని నేను రొప్పితే, సైకిలు నెమ్మదించేది. "డెబ్బై మూడున్నర!" అని ఒక్క ఊపున చెప్పానంటే, సైకిలు కొంచెం జోరందుకునేది. ఇంతకన్న మంచి కొలత ఏ ఒలింపిక్ వీరుడికీ ఉండి ఉండదు. ఒక్కొక్క ఇంటి దగ్గర నాయన పాలు కొలిచి పోసేదాకా నేను నిలబడిన చోటే కాళ్లాడిస్తూ ఉండేదాన్ని. ఇంటావిడలు మొదట్లో వింతగా చూశారు. నెల తిరిగేసరికి, నేను ఏనాడైనా రాకపోతే, "పాప ఏది?" అని అడగసాగారు.

నవంబరులో వానలు పట్టుకున్నవి. మా సీమకు ఉన్న కొద్దిపాటి వానలలో మంచి భాగం ఈశాన్య రుతుపవనాలవల్ల అక్టోబరు, నవంబరు నెలల్లోనే వస్తుంది. పాలకు వాన అడ్డం కాదు గనుక పరుగుకూ కాలేదు. సంక్రాంతి పోయింది. అప్పటికి నా నాడిలో మార్పు వచ్చింది.

నాడి చూసుకోవటం మాకు సైన్సు టీచరమ్మ నేర్పింది. మీరూ చూసుకోవచ్చు. పొద్దున నిద్ర లేవగానే, మంచం దిగకముందు, బొటనవేలి వైపు మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి, గడియారం చూస్తూ ఒక నిమిషంలో ఎన్ని దెబ్బలో లెక్కపెట్టాలి. బొటనవేలితో మాత్రం చూడకూడదు; దానిలోనే ఒక నాడి కొట్టుకుంటూ ఉండి లెక్క తప్పిస్తుంది. అక్టోబరులో నాకు నిమిషానికి 82 దెబ్బలుండేవి. ఫిబ్రవరిలో 68 అయినవి. గుండె ఒక్కొక్క దెబ్బకు ఎక్కువ రక్తం తోస్తున్నది గనుక తక్కువ దెబ్బలతోనే పని జరిగిపోతున్నది. 14 దెబ్బలు మిగిలినవి! నేను నాయనకు ఈ లెక్క చెబితే, "మిగిలినవాటిని ఎక్కడ దాచిపెడతాండావు?" అని అడిగాడు.

రోజూ అన్నాను గాని వారానికి ఆరు రోజులే. శుక్రవారం పరుగు లేదు. అలసిన కండరాలు బాగుపడి ముందుకన్న గట్టిపడేది పరుగెత్తేటప్పుడు కాదు, పడుకున్నప్పుడు. పెరిగే పిల్లల ఎముకలకు ఇది మరీ ముఖ్యం. ఎముకలు పొడవు పెరిగే చోట్లు ఇంకా లేతగా ఉంటవి, వాటిని విసిగించగూడదు. మోకాటి దగ్గరగాని, పిక్కల ముందువైపు ఎముకమీదగాని ఒకేచోట రోజూ నొప్పి పెడుతుంటే పరుగు ఆపి పెద్దవాళ్లకు చెప్పాలి. ఓర్చుకోవటం వీరత్వం కాదు. వారానికి రెండు సాయంత్రాలు మాత్రం బడి మైదానంలో జోరుగా పరుగెత్తేవాళ్లం. 200 మీటర్లు పరుగు, 200 మీటర్లు నడక, మళ్లీ పరుగు, అట్లా ఆరుసార్లు. జోరుకు కూడా అలవాటు కావాలి గదా. చెకోస్లొవేకియా దేశపు ఎమిల్ జాటొపెక్ ఇటువంటి ముక్కల పరుగులు రోజూ పదులకొద్దీ చేసేవాడు. ఆయన 1952లో హెల్సింకీ ఒలింపిక్ పోటీలలో 5,000 మీటర్లు, 10,000 మీటర్లు, అంతకుముందు ఎన్నడూ పరుగెత్తని మారథాను, మూడూ గెలిచాడు.

తిండి మాటకు వస్తే, మాకు ప్రత్యేకం ఏమీ లేదు. రాగిసంగటి, పప్పు, గోంగూర పులుసు, సాయంత్రం గుప్పెడు వేయించిన శెనక్కాయలు, బెల్లంముక్క. రాగులలో కాల్షియం, శెనక్కాయలలో మాంసకృత్తులు ఉన్నవని బడిలో చెప్పారు. అవ్వకు అది ముందే తెలిసినట్టు, "అందుకే గదా పెడతాండా," అన్నది.

ఎండాకాలం వచ్చేసరికి చిక్కు వచ్చింది. ఒక బర్రె అంతకుముందే వట్టిపోయింది. ఏప్రిల్‌లో రెండోది కూడా పాలివ్వటం మానేసింది. రెండూ చూలుతో ఉన్నవి. ఈనేదాకా పాలు లేవు. పాలు లేకపోతే పాలసైకిలు లేదు. పాలసైకిలు లేకపోతే నా పరుగు లేదు. నాయన పగలు కూలికి పోవటం మొదలుపెట్టాడు. రాత్రి అన్నాలు తినేటప్పుడు అవ్వ, "ఇంక చాలు. ఇన్నాళ్లు ఉరికింది చాలు," అన్నది. ఈసారి కూడా అమ్మ ఏమీ అనలేదు. నాయన కూడా ఏమీ అనలేదు. నాకు ముద్ద దిగలేదు. అప్పటిదాకా కూడబెట్టిన ఊపిరి ఎన్నాళ్లుంటుందోనని నా బెంగ. ఆ బెంగ ఉత్తిది కాదు. పరుగు మానేసిన రెండు మూడు వారాలకే ఒంట్లో వచ్చిన మార్పులు కొంచెం కొంచెంగా వెనక్కు పోసాగుతవి.

మర్నాడు చీకటితోనే నన్ను ఎవరో తట్టి లేపారు. చూస్తే నాయన. సైకిలు వాకిట్లో ఉన్నది. రెండు క్యాన్లూ ఎప్పటిలాగే దానికి వేలాడుతున్నవి.

"పాలు ఏవి నాయనా?" అన్నాను.

"పాలు లేకపోతే సైకిలు నడవదా? పా," అన్నాడు.

ఆనాటి నుంచి మేమిద్దరం వట్టి క్యాన్లతో తిరిగాం. రోడ్డు మీద చూసినవాళ్లకు ఎప్పటిలాగే పాలాయనా, ఆయన కూతురూ పోతున్నారు. ఏ ఇంటి దగ్గరా ఆగనక్కర్లేదు గనుక తాళ్లపాక వైపు పోయే దారిలో ఇంకా కొంత దూరం పోయి వచ్చేవాళ్లం. ఒకనాడు కొత్తగా కాపరానికి వచ్చిన ఒకావిడ ఎదురువచ్చి, "అర్ధలీటరు పోస్తావా అబ్బా?" అని అడిగింది. "ఈ పూటకు అయిపోయినాయమ్మా," అన్నాడు నాయన, నావైపు చూడకుండా. పగలంతా బరువులు మోసే మనిషి, చీకట్లో గంటసేపు వట్టి క్యాన్లు మోస్తూ సైకిలు తొక్కుతున్నాడని నాకు తెలుసు. ఆ నెలల్లో నేను శుక్రవారాలు తప్ప ఒక్కరోజు మానలేదు.

అయితే వట్టి క్యాన్లతో ఒక ఇబ్బంది ఉన్నది. గతుకు వచ్చినప్పుడల్లా గణగణమని మోగుతవి. వారం రోజులు పోయినాక అవ్వ మా నాయనను నిలబెట్టి, "నిండిన క్యాను పలకదు. వట్టి క్యాను ఊరందరికీ చాటింపు వేస్తాంది," అన్నది. ఇంక పరుగు ఆఖరయిందనుకున్నాను. అవ్వ లోపలికి పోయి రాగి అంబలి తెచ్చి, ఉప్పూ ఉల్లిపాయముక్కలూ వేసి ఒక క్యానులో పోసింది. రెండోదానిలో పాత గోనెసంచి కుక్కింది. "తిరిగొచ్చేటప్పుడు తాగించు," అని నాయనతో చెప్పి పేడకళ్లు ఎత్తటానికి పోయింది.

ఆ అంబలి ఎంత సమయానికి వచ్చిందో చెప్పలేను. ఎండాకాలం తెల్లవారుజామున కూడా మా ఊళ్లో చెమట కారిపోతుంది. చెమట ఆరుతూ ఒంటి వేడిని తీసుకుపోతుంది; కాని నీరూ ఉప్పూ కూడా దానితోపాటు పోతవి. వాటిని తిరిగి పోసుకోవాలి. వేడిలో రోజూ కొంచెం కొంచెం పరుగెత్తితే పది పధ్నాలుగు రోజులలో ఒళ్లు వేడికి అలవాటు పడుతుంది. చెమట ముందుకన్న త్వరగా పట్టటం మొదలవుతుంది, దానిలో ఉప్పు తగ్గుతుంది. అంతమాత్రాన మిట్టమధ్యాహ్నం పరుగెత్తవచ్చుననుకోకండి. తల తిరగటం, వాంతి వచ్చినట్టుండటం, వేసవిలో ఒళ్లు చలిపుట్టినట్టవటం, ఇవి కనిపిస్తే ఆ క్షణమే ఆగి నీడకు పోవాలి, ఒళ్లు తడిపి చల్లబరచాలి. వడదెబ్బ ప్రాణం తీస్తుంది.

సెలవుల్లో పది రోజులు నందలూరులో మా మేనత్త ఇంట్లో ఉన్నాను. అక్కడ సౌమ్యనాథస్వామి గుడి ఉన్నది, చెయ్యేటి ఇసుక ఉన్నది. ఉషలాగా ఇసుకలో పరుగెత్తాలన్న నా కోరిక తీరింది. ఎంత తన్నినా ముందుకు పోనివ్వదు ఇసుక. పిక్కలు రెండు రోజులు పట్టేసినవి. మూడోనాటి నుంచి తడి ఇసుకలో, అంటే నీటిపాయ పక్కన గట్టిగా ఉండే చోట పరుగెత్తాను. ఆ ఏటి రూపు ఇప్పుడు చాలా మారింది. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి వచ్చిన వరద ఒడ్డున ఉన్న పల్లెలను ముంచి ఎంతోమందిని పొట్టన పెట్టుకున్నది. ఆ ఒడ్డున నిలబడితే నాకిప్పుడు పరుగు జ్ఞాపకం రాదు.

1985 అక్టోబరులో మళ్లీ పోటీలు వచ్చినవి. మొదటి ఇద్దరినే జిల్లా పోటీలకు పంపుతారు. ఈసారి ఎనిమిదిమందిమి. నాయన ఆనాడు కూలికి పోకుండా మైదానం గట్టుమీద కూర్చున్నాడు. మొదటి చుట్టు నేను అయిదోదాన్ని. నాలుగు వందల మీటర్లు దాటినవి. కాళ్లు రాళ్లవుతవేమోనని చూశాను, కాలేదు. ఊపిరి ఆడుతూనే ఉన్నది. ఆరు వందల మీటర్ల దగ్గర ఇద్దరిని దాటాను. ఆఖరి మలుపులో రెండో పిల్ల నాకు చేతికి అందేటంత దూరంలో ఉన్నది. ఆమె జడ కుప్పెలు ఎగిరెగిరి పడటం ఇప్పటికీ నా కళ్లకు కడుతుంది. అవి నాకు అందలేదు. నేను మూడోదాన్ని అయినాను. 2 నిమిషాల 51 సెకండ్లు.

గట్టుమీదికి పోయి నాయన పక్కన కూర్చున్నాను. కాసేపు ఏమీ అనలేదు. ఆ తరవాత, "పోయినేడు ఎంత?" అని అడిగాడు.

"మూడు నిమిషాల ఇరవై."

"ఈ ఏడు?"

"రెండు యాభై ఒకటి."

"తీసెయ్యి."

"ఇరవై తొమ్మిది సెకండ్లు."

"ఆ పిల్లకూ నీకూ మధ్య ఎంత?"

"రెండడుగులు."

నాయన లేచి, చెప్పులు విడిచి, మట్టిలో ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టి రెండడుగులు కొలిచాడు. దాన్ని కాసేపు చూశాడు. "ఇంత తక్కువ దూరానికి ఏడుస్తారా?" అన్నాడు. నేను అప్పటిదాకా ఏడవలేదు. ఆ మాటతో ఏడుపు వచ్చింది.

ఆ నెలాఖరున బర్రె ఈనింది. క్యాన్లలోకి పాలు వచ్చినవి, గోనెసంచి దొడ్లోకి పోయింది. ఇంటర్మీడియట్ చదివేటప్పుడు ఒకసారి జిల్లా పోటీలకు వెళ్లాను. అక్కడ ఏడోదాన్ని అయినాను. అంతకు మించి చెప్పుకోదగినంత ఏమీ లేదు. పతకాలు తెచ్చినవాళ్ల కథలు వేరు. వరంగల్లు జిల్లా కల్లెడ పల్లెలో కూలి చేసుకునేవారి బిడ్డ జీవాంజి దీప్తి. పుట్టుకతోనే ఆమె బుద్ధి ఎదుగుదల కొంచెం మందగించింది. ఊళ్లో కొందరు ఆమెను చూసి ఎగతాళి చేసేవారు. ఆమె పరుగు చూసిన బడిలో డ్రిల్లు మాస్టారు, ఆ తరవాత శిక్షకుడు నాగపురి రమేశ్ ఆమెను చేరదీశారు. 2024 మే నెలలో జపానులోని కోబె నగరంలో 400 మీటర్లను 55.07 సెకండ్లలో పరుగెత్తి ఆమె తన విభాగంలో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అదే సంవత్సరం ప్యారిస్ పారాలింపిక్ పోటీలలో కంచుపతకం తెచ్చింది. విశాఖపట్నం అమ్మాయి యర్రాజి జ్యోతి 2023లో 100 మీటర్ల హర్డిల్సులో ఆసియా విజేత అయింది. ఈ ఇద్దరి పరుగూ టీవీలో చూసేటప్పుడు నేను పందెంకన్న, వాళ్లు పరుగెత్తిన తెల్లవారుజాములు ఎన్ని ఉంటవోనని లెక్కలు వేస్తుంటాను.

ఇప్పుడు మా పేటలో పిల్లలు అయిదారుగురు పొద్దున నాతో వస్తారు. వాళ్లలో ముగ్గురు ఆడపిల్లలు. వాళ్లకు బూట్లున్నవి, ఒకడికి నాడి లెక్కపెట్టే చేతిగడియారం కూడా ఉన్నది. పల్లేరుకాయలు మాత్రం అవే. అయిదు నుంచి పదిహేడేళ్ల దాకా ఉన్న పిల్లలు రోజుకు ఒక గంట ఒళ్లు వంచి ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది గనుక వాళ్ల అమ్మానాన్నలు నన్నేమీ అనటంలేదు. కొత్తగా చేరినవాళ్లు మొదటి వారం ఒక నిమిషం పరుగు, ఒక నిమిషం నడక, అంతే. ఆ తరవాత మెల్లగా పరుగు పెంచుకుంటారు. వేగం సరిగా ఉన్నదో లేదో చూడటానికి నేను వాళ్లను లెక్కలు అడుగుతుంటాను. నిన్న అడిగిన లెక్క ఇది: లీటరు అరవై నాలుగు రూపాయలు, దినానికి ముక్కాలు లీటరు, ముప్ఫై దినాలకు ఎంత? కూర్చుని చెయ్యకండి. రేపు పొద్దున పరుగెత్తుతూ, గొంతెత్తి చెయ్యండి. జవాబు మధ్యలో తెగితే, సైకిలు కొంచెం నెమ్మదించిందనుకోండి.